ఎందరు రావాలో ఆ చోటే చెప్పాలి

అలాస్కా రాజధాని జూనో జనాభా సుమారు 32 వేలు. వేసవిలో కొన్ని రోజులు ఆ ఊరి రేవులో క్రూజ్ నౌకల నుంచి దిగేవాళ్లే ఆ జనాభాలో సగానికి మించిపోతారు. ఆ తాకిడి తట్టుకోలేక రోజుకు ఐదు పెద్ద నౌకలకు మించి రాకూడదని ఊరి పాలకవర్గం క్రూజ్ సంస్థలతో ఒప్పందం చేసుకుంది. అది 2024 నుంచి అమల్లో ఉంది. 2026 నుంచి నౌకల లెక్కకు పడకల లెక్క కూడా తోడైంది: ఆదివారం నుంచి శుక్రవారం దాకా రోజుకు 16 వేలు, శనివారం 12 వేలు. శనివారాల్లో పెద్ద నౌకలు అసలే వద్దన్న ప్రతిపాదనపై 2024 అక్టోబరులో ఓటింగ్ జరిగింది గానీ అది వీగిపోయింది. టూరిస్టుల మీద బతికే ఊరే టూరిస్టులకు లెక్క కట్టుకుంటోందంటే మనం ఆగి ఆలోచించాల్సిన సంగతే.

ఎక్కడో అలాస్కా గొడవ మనకెందుకు అనుకోవడానికి లేదు. సియాటిల్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు వేలల్లో ఉన్నారు. వేసవిలో అమ్మానాన్నలు వస్తే చూపించే చోట్ల జాబితాలో నయాగరా, గ్రాండ్ కాన్యన్ పక్కన అలాస్కా క్రూజ్ కూడా చేరిపోయింది. సియాటిల్ రేవులో ఎక్కి సియాటిల్‌లోనే దిగవచ్చు. నౌకలో లిఫ్టులు, ఈతకొలనులు, రాత్రిపూట పాటలు, కొన్నిట్లో మన భోజనం కూడా ఉంటాయి. పెద్దవాళ్లకు సుఖం, పిల్లలకు నిశ్చింత. అందులో తప్పు పట్టేదేమీ లేదు. కాకపోతే ఆ నౌకలన్నీ ఏ మంచును చూపిస్తామని బయలుదేరుతున్నాయో, ఆ మంచు పరిస్థితి ఏమిటో, అక్కడికి మనం ఎలా వెళ్లాలో మాట్లాడుకోవాలి.

నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ భాగం గోదావరి డెల్టా కాలువల మీదే గడిచింది. మా అమ్మాయి వాళ్లు సియాటిల్‌లో ఉంటారు. మేమిద్దరం వెళ్లినప్పుడు అల్లుడు పెద్ద నౌక మానేసి, డెబ్భై మంది దాకా పట్టే చిన్న ఓడలో మాకు చోటు తీసుకున్నాడు. జూనోలో ఎక్కి గ్లేసియర్ బే, దాని పరిసరాల్లోని సన్నటి సముద్రపు పాయలు తిరిగి వచ్చాం. ఆ ప్రయాణం నాకు ఒక సంగతి గట్టిగా చెప్పింది. కాలువకు ఎన్ని క్యూసెక్కులు వదలాలో కాలువ గట్టు చూసి నిర్ణయిస్తాం, అడిగే రైతుల సంఖ్య చూసి కాదు. హిమానీనదాల దగ్గరికి వెళ్లే జనం విషయంలోనూ అదే పద్ధతి ఉండాలి. ఎందరు రావాలో ఆ చోటు మోయగలిగిన బరువు చెప్పాలి. టికెట్లు అమ్మేవాళ్లు కాదు, కొనేవాళ్లూ కాదు.

గ్లేసియర్ బే ఈ సూత్రాన్ని కొంతవరకు పాటిస్తున్న చోటు. అక్కడి నేషనల్ పార్క్ విస్తీర్ణం 33 లక్షల ఎకరాలు. అందులో వెయ్యికి పైగా హిమానీనదాలున్నాయి. వేసవిలో రోజుకు రెండే పెద్ద క్రూజ్ నౌకలను లోపలికి రానిస్తారు. వాటితో పాటు మూడు టూర్ ఓడలు, ఆరు చార్టర్ పడవలు, ఇరవై అయిదు సొంత పడవలు. అంతే. మా చిన్న ఓడ ఆ మూడు టూర్ ఓడల కోటాలో వెళ్లింది. అఖాతం పొడవు వంద కిలోమీటర్ల పైచిలుకు. అంత విశాలమైన నీటి మీద ఇన్నే పడవలు ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒక పూటంతా మాకు మరో ఓడ కనిపించలేదు.

ఆ అఖాతం చరిత్ర వింటే అంకెల మీద బతికిన నాలాంటివాడికి ఒళ్లు జలదరిస్తుంది. 1750 ప్రాంతంలో అక్కడ అఖాతమే లేదు, అదంతా మంచు. 1794లో కెప్టెన్ వాంకూవర్ బృందం ఆ తీరం సర్వే చేసినప్పుడు మంచుగోడ ఇంకా ముఖద్వారం దగ్గరే ఉంది. 1879లో ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ పడవలో వచ్చేసరికి అది నలభై మైళ్లకు పైగా వెనక్కి పోయింది. 1916 నాటికి గ్రాండ్ పసిఫిక్ హిమానీనదం ముఖద్వారానికి అరవై అయిదు మైళ్ల దూరంలో, అఖాతం చిట్టచివర ఉంది. ఈ తొలి వెనుకడుగులో చాలా భాగం పొగగొట్టాల యుగం ముదరకముందే జరిగింది. ఆ సంగతి దాచనక్కర్లేదు. కానీ ఇప్పుడు అలాస్కా అంతటా మంచు పలచబడుతున్న తీరుకు మనుషులు పెంచిన వేడి కారణమని శాస్త్రవేత్తలు ఏకకంఠంతో చెబుతున్నారు.

ఈ చరిత్రను పుస్తకంలో చదవక్కర్లేదు, ఒడ్డు చూస్తే చాలు. అయితే ఒడ్డుకు దగ్గరగా, నెమ్మదిగా వెళ్లాలి. ముఖద్వారం దగ్గర బార్ట్‌లెట్ కోవ్‌లో మేం దిగి నడిచాం. అక్కడ మంచు వదిలేసి రెండు వందల ఏళ్లు దాటింది కాబట్టి దట్టమైన స్ప్రూస్ అడవి పెరిగింది. నేలంతా మెత్తటి నాచు. అడుగు వేస్తే చప్పుడు కూడా రాదు. అక్కడి నుంచి ఓడలో పైకి పోతుంటే చెట్ల ఎత్తు తగ్గుతూ వస్తుంది. స్ప్రూస్ పోయి ఆల్డర్ పొదలొస్తాయి. తర్వాత డ్రయాస్ అనే నేలబారు మొక్క చాపలు చాపలుగా కనిపిస్తుంది. మన కందీ జనుమూ చేసినట్టే ఆల్డర్, డ్రయాస్ కూడా వేళ్ల దగ్గరి సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తాయి. చివరికి మంచు దగ్గర ఉత్త రాయే. విలియం కూపర్ అనే శాస్త్రవేత్త 1916లో ఇక్కడ చిన్న చిన్న మళ్లు గుర్తుపెట్టి, ఏ మొక్క ఎప్పుడొచ్చిందో రాయడం మొదలుపెట్టాడు. ఆ మళ్లను ఇప్పటికీ కొలుస్తున్నారు. 1925లో ఈ ప్రాంతానికి రక్షణ రావడంలోనూ ఆయన పాత్ర పెద్దది. పెద్ద నౌకలో వచ్చేవాళ్లు ఈ అఖాతాన్ని డెక్ మీద నిలబడి చూసి వెళ్లిపోతారు. పార్కుకు వచ్చేవాళ్లలో అత్యధికులు వాళ్లే, కానీ వాళ్ల కాలు పార్కు నేల మీద పడదు.

దగ్గరగా చూడడమంటే ఏమిటో ఒక్క ఉదయం గురించి చెబుతాను. ఓడ నుంచి రబ్బరు పడవలో పదిమందిమి మంచు ముక్కల మధ్యకు వెళ్లాం. పడవ నడిపే అమ్మాయి ఇంజన్ ఆపేసి మాట్లాడవద్దని సైగ చేసింది. చుట్టూ చిటచిటమని సన్నటి చప్పుడు. మంచు నీళ్లలో కరుగుతుంటే, వందల ఏళ్ల కిందట అందులో నొక్కుకుపోయిన గాలి బుడగలు పగులుతున్నాయి. ఒక ముక్కను ఆమె చేత్తో ఎత్తి చూపించింది. అద్దంలా ఉంది. లోపల పెద్ద పెద్ద స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కుని, వాటి మధ్య సందులు గీతల్లా కనిపిస్తున్నాయి. మీద పడిన మంచు బరువుకు లోపలి గాలి పోయి గట్టిపడిన మంచు వెలుగులోని ఎరుపును పీల్చుకుంటుంది, అందుకే పెద్ద గోడలు నీలంగా కనిపిస్తాయని వివరించింది.

నేను ఒక గాజు సీసాలో అక్కడి నీళ్లు పట్టుకున్నాను. కాలువ నీళ్లలో ఒండ్రు ఎంతుందో చూడడానికి ఉద్యోగంలో ఉన్నప్పుడు చేసిన పనే అది. వరద రోజుల్లో గోదావరి నీళ్లు పట్టి ఉంచితే చాలా మట్టి తెల్లారేసరికి అడుక్కి దిగుతుంది, పైన తేట తేరుతుంది. ఈ నీళ్లు రాత్రి దాటినా సున్నం కలిపినట్టే ఉన్నాయి. హిమానీనదం కొండను రుద్ది రుద్ది పిండి చేస్తుంది. ఆ పిండి ఎంత సన్నమంటే రోజుల తరబడి నీళ్లలో తేలుతూనే ఉంటుంది. ఆ అఖాతపు నీటికి పాలవంటి పచ్చదనం వచ్చింది దానివల్లే. కొండ అరగడం నేను ఆ సీసాలో చూశాను. ఇలాంటిది చూపించడానికి వేలమందిని ఒకేసారి నీటి మీదికి దించడం ఎవరివల్లా కాదు. అక్కడ సంఖ్య పెరిగేకొద్దీ మనిషికి దక్కేది తగ్గిపోతుంది.

సమయం విషయమూ అంతే. ఆటు వేళ ఒడ్డున ఒక ఎలుగుబంటి రాళ్లు తిరగేసుకుంటూ వాటి కింద అంటుకున్న జీవాలను తింటోంది. మా కెప్టెన్ ఓడను దూరంగా నిలిపేశాడు. అది ఎంతసేపు ఉంటే అంతసేపు ఉన్నాం. ఒక్కో రాయిని ముందు కాలితో లాగి, వాసన చూసి, పక్కకు నెట్టేది. మరుసటి రేవుకు ఫలానా గంటకు చేరి తీరాలన్న షెడ్యూలుతో నడిచే నౌకకు ఆ వెసులుబాటు ఉండదు.

బార్ట్‌లెట్ కోవ్‌లో పార్క్ రేంజర్ చెప్పిన మాట ఒకటి నన్ను వదల్లేదు. పక్కనున్న గస్టేవస్ గ్రామంలో నేల ఏడాదికి దాదాపు మూడు సెంటీమీటర్లు పైకి లేస్తోంది. వందల మీటర్ల మందం మంచు బరువు తొలగిపోయింది కాబట్టి కింద అణిగి ఉన్న భూమి నెమ్మదిగా లేస్తోంది. ఒకప్పుడు అలలు పారిన చోట ఇప్పుడు గడ్డి మైదానాలున్నాయి. మా డెల్టాలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోయి, కొత్త మట్టి చేరక, గోదావరి, కృష్ణా డెల్టాలు కుంగుతున్నాయని పరిశోధనలు చెబుతున్నాయి. అలాస్కాలో కరిగిన మంచు నీరు చివరికి చేరేది సముద్రంలోకే. సముద్రమట్టం పెరిగితే గస్టేవస్‌కు లేచే నేల ఉంది. అంతర్వేదికి, దివిసీమకు అది లేదు. హిమానీనదాలు మనకు సంబంధం లేని అందమైన దృశ్యం అనుకునే తెలుగువాడికి నేను చెప్పదలిచింది ఇదే.

ఇక పరిమితులు ఎందుకు కావాలో బార్ట్‌లెట్ కోవ్‌లో నిలబెట్టిన ఒక అస్థిపంజరం చెబుతుంది. 45 అడుగులకు పైబడిన ఆడ హంప్‌బ్యాక్ తిమింగలం అది. పరిశోధకులు దాన్ని స్నో అని పిలిచేవారు. 1970ల నుంచి దాన్ని గుర్తుపట్టి నమోదు చేస్తూ వచ్చారు. 2001లో కడుపుతో ఉండగా ఒక క్రూజ్ నౌక ఢీకొని చనిపోయింది. ఆ నౌక సంస్థ తర్వాత కోర్టులో నేరం ఒప్పుకుని జరిమానా కట్టింది. తిమింగలాలు ఎక్కువగా తిరిగే నీళ్లలో ఇప్పుడు 13 నాట్ల వేగ పరిమితి విధిస్తారు. 2014 నుంచి 2016 దాకా ఉత్తర పసిఫిక్‌లో సముద్రం అసాధారణంగా వేడెక్కినప్పుడు తిండి దొరక్క ఈ ప్రాంతపు హంప్‌బ్యాక్‌లు సగానికి పైగా తగ్గిపోయాయి. అంత దెబ్బ తిన్న ప్రాణుల దారిలో ఇంజన్ల రొద పెంచడం అన్యాయం. 2020లో కోవిడ్ వల్ల పెద్ద నౌకలు రాకపోతే, పార్కు నీటి అడుగున అమర్చిన మైక్రోఫోన్లు రొదలో ఎంత తేడా నమోదు చేశాయో శాస్త్రవేత్తలు రాశారు.

సీల్‌ల సంగతి కూడా ఇంతే. జాన్స్ హాప్కిన్స్ అనే పాయలో అవి తేలే మంచు పలకల మీద పిల్లల్ని కంటాయి. అందుకే మే, జూన్ నెలల్లో ఆ పాయలోకి ఏ ఓడనూ వెళ్లనివ్వరు. ఆగస్టు చివరిదాకా పెద్ద నౌకలకు ప్రవేశం లేదు. తల్లి బెదిరి నీళ్లలోకి దూకితే పలక మీద పిల్ల ఒంటరిదవుతుంది. మేం వెళ్లినప్పుడు కూడా ఆ పాయ మూసే ఉంది. మాలో ఒక్కరూ నిష్ఠూరమాడలేదు.

గ్లేసియర్ బేకు అసలు వారసులు హూనా క్లింగిట్ జాతివారు. 1750కి ముందు వాళ్ల ఊళ్లు ఆ లోయలోనే ఉండేవి. ముంచుకొచ్చిన మంచు వాళ్లను తరిమేసింది. మంచు వెనక్కి పోయాక తిరిగి వచ్చి చేపలు, సీల్‌లు పట్టుకుని బతికారు. తర్వాత అక్కడ పార్కు వచ్చి ప్రభుత్వ నిబంధనలు వాళ్ల తిండికీ వేటకీ అడ్డుపడ్డాయి. సముద్రపు కాకుల గుడ్లు ఏరుకునే తాతలనాటి హక్కును తిరిగి ఇచ్చే చట్టం 2014లో గానీ రాలేదు. 2016లో బార్ట్‌లెట్ కోవ్‌లో వాళ్ల సంప్రదాయ గృహం లేచింది. దేవదారు దూలాల మీద చెక్కిన బొమ్మల ముందు కూర్చుని వాళ్ల మనిషి చెప్పే కథ వినడానికి కాళ్ల మీద నడిచి వెళ్లాలి. ఎవరి గడప తొక్కుతున్నామో తెలియకుండా గడప దాటకూడదని మన పెద్దలు నేర్పిన మర్యాద అక్కడా చెల్లుతుంది.

ప్రమాదం మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. 2025 ఆగస్టు 10 తెల్లవారుజామున జూనోకు దక్షిణాన ట్రేసీ ఆర్మ్ అనే పాయలో, సౌత్ సాయర్ హిమానీనదం దగ్గర కొండచరియ విరిగి నీళ్లలో పడింది. ఎదుటి ఒడ్డు మీద నీరు నాలుగు వందల మీటర్లకు పైగా ఎగసింది. ఎవరూ చనిపోలేదు, ఆ వేళకు ఆ చివర ఓడలు లేకపోవడమే అదృష్టం. 1958లో గ్లేసియర్ బే పార్కులోనే ఉన్న లిటుయా బేలో భూకంపానికి చరియ పడి నీరు 524 మీటర్ల ఎత్తుకు పోయింది. మంచు ఆనుకుని నిలబెట్టిన కొండగోడలు, మంచు పోగానే ఆధారం కోల్పోతాయి. జూనో ఊళ్లో కూడా మెండెన్‌హాల్ హిమానీనదం పక్కన నిలిచిన నీరు 2023 నుంచి ఆగస్టు వచ్చిందంటే ఇళ్ల మీద పడుతోంది. నదిగట్టున ఇసుక నింపిన తీగబుట్టల గోడ కట్టుకుని కాపాడుకుంటున్నారు. ఏటిగట్టు తెగుతుందేమోనని రాత్రుళ్లు కాపలా కాసినవాళ్లకు ఆ ఊరి భయం విడమరచి చెప్పనక్కర్లేదు. అలాంటి సన్నటి పాయల్లోకి ఒక్క నౌకలో నాలుగు వేల మందిని తీసుకుపోవడం ఎంతవరకు సబబో క్రూజ్ సంస్థలు తేల్చుకోవాలి.

చిన్న ఓడ అంటే డబ్బున్నవాళ్లకే కదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. చిన్న ఓడలో తలకు అయిదు వేల డాలర్ల పైమాటే. పెద్ద నౌకలో అందులో పావు వంతుకూ చోటు దొరుకుతుంది. పైగా చిన్న ఓడ తాగే ఇంధనాన్ని మనుషులకు పంచితే తక్కువేమీ కాదు. కనుక చిన్న ఓడ ఎక్కితే పుణ్యం, పెద్దది ఎక్కితే పాపం అని నేననను. నేను కోరేది పరిమితి. ఆ పరిమితిలో మామూలు కుటుంబానికి దారులు ఉన్నాయి కూడా. పార్కుకు ప్రవేశ రుసుము లేదు. జూనో నుంచి గస్టేవస్‌కు అలాస్కా రాష్ట్ర ప్రభుత్వ ఫెర్రీ నడుస్తుంది. అక్కడి నుంచి బార్ట్‌లెట్ కోవ్ పది మైళ్లే. పొద్దున బయలుదేరి మంచుగోడ దాకా వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే పడవ ఉంది, అందులో రేంజర్ కూడా ఉంటారు. నాలుగు రోజులు సెలవు, కాస్త నడిచే ఓపిక ఉంటే చాలు.

మోకాళ్ల నొప్పుల వల్లో, చంటిపిల్లల వల్లో పెద్ద నౌకే మేలనుకునేవాళ్లు కనీసం గ్లేసియర్ బే అనుమతి ఉన్న నౌకను ఎంచుకోండి. ఆ నౌకల్లోకి రేంజర్లు ఎక్కి వివరంగా చెబుతారు, అక్కడి నిబంధనలూ కఠినంగా ఉంటాయి. ఇంకో మాట. విదేశీ జెండాతో నడిచే నౌకలు అమెరికా రేవుల మధ్యే ప్రయాణికులను తిప్పకూడదని 1886 నాటి చట్టం ఉంది. అందుకే సియాటిల్‌లో బయలుదేరే పెద్ద నౌకలు కెనడా రేవు ఒకటి తాకి వస్తాయి. మన పాస్‌పోర్టుతో వచ్చిన అమ్మానాన్నలకు దానికోసం కెనడా వీసా కూడా కావాలి. అలాస్కాలోనే ఎక్కి అలాస్కాలోనే దిగే అమెరికా ఓడలకు ఆ చిక్కు లేదు.

కరిగిపోయేలోపు చూసేయాలి అన్న తొందర ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. ఆ తొందరే ఆ చోటుకు చేటు. మార్జరీ హిమానీనదం ముందు మైలు వెడల్పున మంచుగోడ ఇప్పటికీ నిలిచే ఉంది. మన టికెట్ ఒక ఏడాది ఆలస్యమైతే అది పారిపోదు. దాన్ని కరిగించే వేడిని తగ్గించాల్సిన పని సియాటిల్‌లోనూ హైదరాబాద్‌లోనూ ఉంది, డెక్ మీద లేదు. అమెరికాలోని తెలుగు సంఘాలు గుంపులుగా క్రూజ్‌లు బుక్ చేసేటప్పుడు ఆ పాయలో ఎన్ని నౌకలకు అనుమతి ఉందో అడగాలి. జూనోలో పెట్టిన పరిమితులను ఇంకా బిగించాలని కోరే స్థానికుల పక్షాన, అక్కడ ఓటు హక్కు ఉన్న మనవాళ్లు నిలబడాలి. చోటు లేదు, వచ్చే వేసవికి రండి అని పార్కు వాళ్లంటే మంచిదని చెప్పి వెనక్కి రావాలి. ఆ మాట చెప్పే అధికారం వాళ్లకు ఉన్నంతకాలమే, మన మనవలకు అక్కడ చూడడానికి ఏదైనా మిగులుతుంది.